వెళ్తున్నానని ముందే చెప్పకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఒకేచోట జవాబు రాస్తున్నాను. నాలుగూ ఇంటి లోపలి భయం గురించే. రాసినవాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్లు, ఉద్యోగాలు కొన్ని మార్చాను.

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. పెళ్లయి ఆరేళ్లు, పాపకు నాలుగేళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. జీతం పడుతది కానీ ఏటీఎం కార్డు ఆయన దగ్గరే. బయటికి పోతే లైవ్ లొకేషన్ పెట్టాలె, ఇంటికి రాంగనే ఫోన్ చూపియ్యాలె, మా అమ్మతోని కూడా స్పీకర్ పెట్టే మాట్లాడాలె. కొట్టుడు అంటే ఎప్పుడో ఒకసారి, తర్వాత ఏడ్చి కాళ్లు పట్టుకుంటడు, చీర తెస్తడు. మొన్న మాత్రం గొంతు పట్టుకున్నడు, కండ్లు చీకట్లు కమ్మినయ్. "పోతే పో, ఇల్లు మా అమ్మ పేరు మీదుంది, పిల్లను మాత్రం ఇయ్య" అంటడు. అమ్మ ఏమో "మీ నాయిన కొట్టలేదా, సర్దుకో బిడ్డా" అంటది. దీన్ని హింస అంటరా? పోవాలంటే ఎట్ల పోవాలె?

జవాబు: అంటారు చెల్లె. అందులో అనుమానమే లేదు. కానీ మిగతావన్నీ పక్కనపెట్టి ముందు గొంతు సంగతి మాట్లాడతాను, ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద విషయాన్ని నువ్వు రెండు ముక్కల్లో రాసి వదిలేశావు. గొంతు పట్టుకోవడం చెంపదెబ్బ లాంటిది కాదు. భర్తల చేతిలో చనిపోయిన ఆడవాళ్ల కేసులను పరిశీలించినవాళ్లు పదేపదే చెప్పే మాట ఒకటుంది: అంతకుముందు ఒక్కసారైనా గొంతు నులిమిన ఇంట్లో ఆమె ప్రాణానికి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. పైకి గీత కూడా కనపడకపోవచ్చు, లోపల మెడలోని రక్తనాళం దెబ్బతిని దాని ప్రభావం కొన్ని రోజుల తర్వాత బయటపడొచ్చు. గొంతు బొంగురుపోయిందా? మింగుతుంటే నొప్పిగా ఉందా? అద్దంలో చూసుకుంటే కంటి తెల్లగుడ్డులో సన్నని ఎర్రచుక్కలు ఉన్నాయా? తల తిరగడం, ఆ కాసేపు ఏం జరిగిందో సరిగా గుర్తులేకపోవడం ఉందా? ఇవేవీ లేకపోయినా సరే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రికి పోయి చూపించుకో. డాక్టర్ అడిగితే "జారిపడ్డాను" అనకు. "నా భర్త చేతులతో గొంతు నొక్కాడు, కళ్లు చీకట్లు కమ్మాయి" అని జరిగింది జరిగినట్టు చెప్పు, చీటీలో అలాగే రాయమను. మెడికో లీగల్ కేసుగా రాస్తే ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్తుంది. ఆ రాత్రి మళ్లీ అదే ఇంటికి పోవాల్సిన పరిస్థితి ఉంటే ఆ మాట డాక్టరుకు, పోలీసుకు ముందే చెప్పు, ఇంటికి ఫోన్ చేసి ఆయన్ని పిలవొద్దని గట్టిగా అడుగు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. 2005లో గృహ హింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. అందులో కొట్టడం ఒక్కటే హింస అని లేదు. ఒంటి మీద దెబ్బ, లైంగికంగా బలవంతం చేయడం, మాటలతో మనసును తూట్లు పొడవడం, డబ్బు ఆపేసి చేతులు కట్టేయడం, నాలుగూ హింసే. నీ జీతం కార్డు ఆయన జేబులో ఉండటం ఆ నాలుగో దాంట్లోకి వస్తుంది. ప్రేమ కొద్దీ లొకేషన్ అడుగుతున్నాడని ఇన్నాళ్లూ నీకు నువ్వు చెప్పుకుని ఉంటావు, చాలామంది చెప్పుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను: ఒకరోజు "ఇవాళ ఫోన్ చూపించను" అని మామూలుగా అనగలవా? అనే ముందే కడుపులో భయం పుడుతుంటే అది ప్రేమ కాదు, కాపలా. ఆయన ఏడ్చినప్పుడు నిజంగానే ఏడుస్తూ ఉండొచ్చు కూడా. కానీ చీర తెచ్చిన మర్నాడు ఏటీఎం కార్డు నీ చేతికి ఇచ్చాడా? లేదు కదా.

అమ్మ మీద కోపం పెట్టుకోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్లను అడిగితే, 100 మందిలో 80 మందికి పైగా ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా పోయిందనో, అత్తమామల్ని గౌరవించలేదనో, వాదించిందనో. ఇంతమంది అలా అనుకుంటున్న చోట మీ అమ్మ ఒక్కతే వేరుగా ఎలా ఆలోచిస్తుంది? ఆమె నేర్చుకున్నదే నీకు చెబుతోంది. దాన్ని నువ్వు పాటించాల్సిన పని లేదు.

ఇల్లు అత్తగారి పేరు మీద ఉన్నంత మాత్రాన నిన్ను వెళ్లగొట్టలేరు. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉందని, ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఆ హక్కు అడగవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు రాసిస్తారని కాదు దీనర్థం, రోడ్డు మీద పడేయకూడదని. పాప విషయంలో, 5 ఏళ్లు నిండని పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలన్నది హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టంలో 1956 నుంచీ ఉన్న మాట. "పిల్లను ఇయ్య" అనేది ఆయన నోటిమాట మాత్రమే, తేల్చేది కోర్టు.

ఇక ఎట్లా పోవాలి అన్నావు. ఈ జవాబులో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకో: వెళ్తున్నానని ముందే చెప్పకు. కోపంలో కూడా అనకు, గొడవలో "రేపే మా ఇంటికి పోత" అని బెదిరించకు. ఇలాంటి మగవాళ్లు అన్నిటికన్నా ప్రమాదకరంగా మారేది ఆడది చెయ్యి దాటిపోతోందని తెలిసినప్పుడు, వెళ్లిపోయిన కొత్తలో. కాబట్టి ఆఖరి రోజు వరకు ఇంట్లో అంతా మామూలుగానే ఉండాలి.

ఫోన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే దొరికిపోతారు. లొకేషన్ ఇప్పుడే ఆపకు, ఉన్నట్టుండి ఆపితే అనుమానం వస్తుంది. సహాయం కోసం చేసే కాల్స్ నీ ఫోన్ నుంచి చేయకు. స్కూల్లో నమ్మకమైన టీచర్ ఫోనో, ఆఫీసు ఫోనో వాడు. మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచితం, ఎప్పుడైనా ఎత్తుతారు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఏ ఫోనైనా సరే, 100 లేదా 112. నీ ఫోన్లో వాట్సాప్ తెరిచి "లింక్డ్ డివైసెస్" అన్నచోట చూడు, నీ చాట్లు ఇంకో ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరిచి ఉంటే అక్కడ కనపడుతుంది. కనపడినా తీసేయకు, తెలుసుకుని ఊరుకో. వెళ్లిన తర్వాత కొత్త సిమ్, వేరే ఫోన్ నుంచి గూగుల్ పాస్‌వర్డ్ మార్పు, బ్యాంకు వాళ్లకు చెప్పి పాత కార్డు ఆపించి కొత్తది తెప్పించుకోవడం, మొదటిరోజే జరగాలి. కుదిరితే వచ్చే నెల జీతం వేరే ఖాతాలో వేయమని స్కూలు వాళ్లను అడుగు, కానీ ఇది కూడా వెళ్లాకే.

కాగితాల విషయం. నీ ఆధార్, పాప ఆధార్, పాప పుట్టిన సర్టిఫికెట్, నీ చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు కాపీ, పెళ్లి ఫొటోలు. పెళ్లి ఫొటోలు ఎందుకంటావేమో, నీ ఒంటి మీది బంగారం అందులో కనపడుతుంది. తల్లిగారు పెట్టిన బంగారం స్త్రీధనం, అది నీదే, భర్త దగ్గర ఉన్నా నీదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఎక్కడైనా తాకట్టు పెట్టి ఉంటే ఆ రసీదు ఫొటో తీసుకో. అసలు కాగితాలు ఒక్కసారే మాయమైతే తెలిసిపోతుంది కాబట్టి ముందు ఫొటోలు తీసి నీ తోటి టీచర్ ఫోన్లో పెట్టు, నీ ఫోన్లో ఉంచకు. తర్వాత ఒక్కొక్కటి పాప స్కూల్ బ్యాగులోనో, నీ టిఫిన్ సంచిలోనో బయటికి చేర్చు. రెండు జతల బట్టలు, పాప మందులు, కొంచెం నగదు ఆమె ఇంట్లోనే ఉంచుకో. ఏదైనా దొరక్కపోతే దానికోసం ఆగకు. సర్టిఫికెట్ మళ్లీ తెచ్చుకోవచ్చు.

వెళ్లే రోజు ఆయన డ్యూటీలో ఉన్న పగటిపూట కావాలి, స్కూలుకు పోతున్నట్టే పాపను తీసుకుని. చేతిలో పైసలు లేకపోయినా మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తల్లిగారింటికి పోతే ఆయన మొదట వచ్చేది అక్కడికే, అమ్మ కూడా తలుపు తీసి మాట్లాడుకోమంటుంది, అందుకని మొదటి కొన్ని రోజులు అక్కడికి వద్దు. ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంది, 181కి చెబితే కలుపుతారు. అక్కడ ఉండటానికి చోటు, వైద్యం, పోలీసు, లాయర్, కౌన్సెలింగ్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. చోటు మాత్రం సాధారణంగా 5 రోజుల వరకే, ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండే ఆశ్రయానికి వాళ్లే పంపిస్తారు. పాపను నీతోనే ఉంచుకోవచ్చు.

మిస్సింగ్ కేసు పెడతాడు, చాలామంది చేసే పని ఇదే. దానికి ముందే దగ్గర్లోని స్టేషన్లో ఒక కాగితం ఇవ్వు: నేను మేజర్‌ని, నా ఇష్టంతో, ప్రాణభయంతో ఇల్లు వదిలాను, నా అడ్రస్ ఆయనకు చెప్పవద్దు. కాపీ మీద ముద్ర వేయించుకో. స్టేషన్లో "కూర్చుని మాట్లాడుకోండి" అంటే నీకు ఇష్టం లేకపోతే కూర్చోనవసరం లేదు. గొంతు నొక్కిన మనిషితో ఒకే బల్ల దగ్గర రాజీ మాట్లాడమని ఎవరన్నా ఒప్పుకోకు, ఈ విషయంలో నేను ఏమాత్రం మెత్తబడను. పాప స్కూలు హెడ్‌కి కూడా చెప్పు, నువ్వు తప్ప ఎవరొచ్చినా పాపను పంపొద్దని.

ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో గృహ హింస దరఖాస్తు. నువ్వు ప్రస్తుతం ఎక్కడ తలదాచుకున్నావో ఆ ఊరి కోర్టులో కూడా వేయవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ నీ మాట విని రిపోర్టు రాసి కోర్టుకు పంపుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయి లేదా జిల్లా న్యాయసేవా సంస్థకు వెళ్లు. 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది కానీ కోర్టుల్లో అంతకన్నా ఎక్కువే పడుతుంది, అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పు వచ్చేదాకా పనిచేసే ఉత్తర్వు, అడగమని లాయర్‌కు చెప్పు: నా దగ్గరికి రావద్దు, ఫోన్ చేయవద్దు, పాప నా దగ్గరే ఉండాలి, ఖర్చులకు ఇంత ఇవ్వాలి అని.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. జనగామ దిక్కు ఒక ఊరు మాది. బిడ్డ బతుకమ్మకు వచ్చి పండుగ అయిపోయినా పోనంటుంది. వీపు మీద బెల్టు వాతలు చూపిచ్చింది. అల్లుడు తరఫు పెద్దమనుషులు వచ్చి, ఇగ కొట్టనని స్టాంపు పేపర్ మీద రాపిస్తం, పంపుమంటున్నరు. పంపకపోతే కులంల మాట పోతది. ఏం చెయ్యాలె?

జవాబు: పంపకండి అన్నా. మీరు రాసిన రెండు ముక్కల్లోనే నాకు కనపడింది, మీకూ పంపడం ఇష్టం లేదు, ఎవరైనా వద్దని చెబితే బాగుండని రాశారు. నేను చెబుతున్నాను, వద్దు.

స్టాంపు పేపర్ మీద "ఇగ కొట్ట" అని రాసి సంతకం పెడితే, రేపు కొట్టినప్పుడు ఆ కాగితం ఆమెకు అడ్డం నిలబడదు. అదే మేజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వును దాటితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కొట్టనని మాట ఇవ్వడానికి అంత సిద్ధంగా ఉన్నవాళ్లు కోర్టు ముందు ఇమ్మనండి. ఒక్కటి మాత్రం ఆ కాగితంలో పనికొస్తుంది: అల్లుడు కొట్టినట్టు ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే కాపీ దాచిపెట్టండి, లాయర్‌కు చూపించండి.

ఊళ్లో ఇప్పటికీ "498 కేసు" అంటారు, 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా హింసిస్తే 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా. బిడ్డ ఇప్పుడు మీ ఇంట్లోనే ఉంది కాబట్టి మీ దగ్గరి స్టేషన్లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, అల్లుడి ఊరికి పోవాల్సిన పనిలేదు. వాతలు మాసిపోకముందే ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించి రాయించండి, ఫొటోలు పగటి వెలుతురులో తీయండి, ముఖం కనపడేట్టు ఒకటి, దగ్గర నుంచి ఒకటి. కేసు పెట్టాలా, రక్షణ ఉత్తర్వు ఒక్కటే తీసుకోవాలా, విడాకులా, ఏమీ వద్దా అనేది మాత్రం ఆమెనే తేల్చుకోనివ్వండి. ఇన్నాళ్లూ అక్కడ మొగుడు తేల్చాడు, ఇప్పుడు ఇక్కడ నాన్న తేల్చవద్దు.

పెద్దమనుషులు మళ్లీ వస్తే బిడ్డను ఆ మనుషుల మధ్య నిలబెట్టకండి. పదిమంది మగవాళ్ల ముందు వీపు మీద దెబ్బల సంగతి ఏ ఆడపిల్ల నోరు తెరిచి చెప్పగలదు? మాటపోతుందని భయపడుతున్నారు కానీ, మీ ఇంటి అరుగు మీద నిలబడి "నా బిడ్డ ఇక్కడ్నే ఉంటది" అన్న తండ్రికి ఊళ్లో మాట పోవడం నేనింతవరకూ చూడలేదు.

ప్రశ్న: కాజీపేటలో అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాట్‌లో రాత్రిపూట కొడుతున్న చప్పుడు, ఆమె అరుపులు. మధ్యలో పోతే మన మీదికి వస్తుందేమోనని మా ఆయన వద్దంటున్నారు.

జవాబు: గృహ హింస జరుగుతోందని, జరగబోతోందని తెలిసిన ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని 2005 చట్టం నాలుగో సెక్షన్ లోనే ఉంది. ఈ మాట మీ ఆయనకు చెప్పండి. చప్పుడు వినపడగానే 100కి ఫోన్ చేసి ఫ్లాట్ నంబర్ చెప్పండి, పిల్లలు ఉంటే ఆ మాట కూడా చెప్పండి. ఇద్దరు ముగ్గురు కలిసి బెల్లు కొట్టి "మోటర్ వేశారా, నీళ్లు రావట్లేదు" అన్నా చాలు, చేయి ఆగుతుంది. ఆయన్ని అక్కడ నిలదీయకండి, మీరు వెళ్లిపోయాక ఆ కోపం ఆమె మీద తీరుతుంది. మర్నాడు ఆయన లేనప్పుడు ఆమెతో "రాత్రి వినపడింది, ఎప్పుడైనా మా తలుపు కొట్టు" అనండి. వెళ్లిపొమ్మని తొందరపెట్టకండి. మీ ఇంట్లో ఒక సంచి దాచుకోవడానికి చోటివ్వగలరా, మీ ఫోన్ నుంచి 181కి మాట్లాడుకోనివ్వగలరా? ఆమెకు అన్నిటికన్నా అవసరమైనవి ఆ రెండే.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర. మా ఆయన దుబాయిల ఉంటడు. పైసలన్నీ అత్తకే పంపుతడు, నేను బీడీలు చుట్టిన పైసలు కూడా అత్తే తీసుకుంటది. రోజుకు ఎన్నోసార్లు వీడియో కాల్ చేసి ఇంట్ల ఎవలున్నరో ఫోన్ తిప్పి చూపియ్యమంటడు. అత్త తిండి కూడా లెక్కపెట్టి పెడుతది. దూరం ఉన్నోడు కొట్టడు గదా, దీనికి కేసు ఎట్లయితది? ఒక్కోసారి సచ్చిపోదామనిపిస్తది.

జవాబు: చెల్లె, చివరి మాటకు ముందు జవాబు. 14416కి ఫోన్ చేయి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా. నీ ఫోన్ చూస్తారనుకుంటే బీడీలు అప్పజెప్పేచోట ఉన్న ఎవరి ఫోనైనా అడుగు. నువ్వు ఇలా ఉన్నావని మీ అమ్మకో అక్కకో ఒక్కరికైనా ఇవాళే తెలియాలి. పొలం మందు ఇంట్లో ఉంటే అక్కడ్నుంచి తీయించు.

దూరంగా ఉన్నా హింస హింసే. నీ కష్టార్జితం లాక్కోవడం, తిండికి ఖర్చుకు ఇవ్వకపోవడం ఆర్థిక హింస, కెమెరా తిప్పమని అవమానించడం మానసిక హింస. అత్త ఆడమనిషి కాబట్టి కేసు కాదనేవాళ్లు ఉంటారు, ఆ అడ్డు సుప్రీంకోర్టు 2016లో తీసేసింది, ఆడవాళ్లను కూడా ప్రతివాదులుగా చేర్చవచ్చు. భర్త దుబాయిలో ఉన్నా ఇక్కడి కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు, నెలనెలా నీ ఖర్చులకు నేరుగా నీ ఖాతాలో వేయాలని అడగవచ్చు. నీ బీడీ కార్డు, పీఎఫ్ నంబర్ నీ పేరు మీదే ఉంటాయి, ముందు అవి నీ చేతిలోకి తెచ్చుకో. బ్యాంకులో నీ ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచి, కూలి పైసలు అందులో వేయమని కంపెనీవాళ్లకు చెప్పొచ్చు, కానీ అది అత్తకు వెంటనే తెలిసిపోతుంది కాబట్టి ముందు 181కి మాట్లాడి, ఆ ఇంట్లోనే ఉండి అడగాలా, బయటికి వచ్చి అడగాలా అన్నది వాళ్లతో కలిసి తేల్చుకున్నాకే ఆ పని చేయి.